సెవేరో కోసిన కిటికీ

మా లోయలో ఇనుము తొలిచి బతకని ఇల్లు లేదు. కింద గార్దోనేలో తుపాకీ గొట్టాలు తొలుస్తారు, పైన మా ఊళ్లో కుళాయిలు తొలుస్తారు. ఇంతమంది తొలిచేవాళ్ల మధ్య సెవేరో పింతొస్సికి పేరొచ్చింది మాత్రం తొలవనందుకు. పగలంతా కుళాయిల ఫ్యాక్టరీలో లేత్ దగ్గర నిలబడేవాడు. సాయంత్రాలు, శనివారాలు ఇంటి కింద గ్యారేజీలో నిమ్మకాయంత ఇంజిన్లు ముందేసుకుని కూర్చునేవాడు. పందేలాడే బొమ్మ విమానాలకు, అదే మోడళ్లకు, పెట్టే ఇంజిన్లవి. బెర్గామో నుంచీ మిలాన్ నుంచీ జనం రుమాలులో చుట్టుకుని తెచ్చేవాళ్లు. "సెవేరో గారూ, దీని కిటికీ ఇంకాస్త పైకి కొయ్యండి" అని బతిమాలేవాళ్లు. ఆయన దాన్ని విప్పి, కడిగి, దీపం ముందు తిప్పి తిప్పి చూసి, మళ్లీ బిగించి చేతిలో పెట్టేవాడు. "అంచుల్లో గరుకు తీశాను. ఇక ముట్టుకోకండి" అనేవాడు. స్నానం చేయించడానికా ఇంత దూరం వచ్చాం అని గొణుక్కుంటూ వెళ్లినవాళ్లున్నారు. మరుసటేడు వాళ్లే మళ్లీ వచ్చేవాళ్లు.

కిటికీ అంటే పెద్ద సంగతేం కాదు. పిస్టన్ ఆడే గొట్టాన్ని లైనర్ అంటారు. దాని గోడలో కొన్ని కంతలుంటాయి, వాటినే కిటికీలంటాం. పిస్టన్ దిగుతూ పొగ కిటికీ పై అంచు దాటిందంటే కాలిన పొగ బయటికి పోతుంది. ఇంకాస్త దిగితే పక్క కిటికీల్లోంచి కొత్త ఇంధనం లోపలికొస్తుంది. ఏది ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అన్నదే మొత్తం విద్య. పొగ కిటికీ పై అంచును వెంట్రుకంత పైకి జరిపితే చాలు, అది ముందే తెరుచుకుంటుంది, ఇంజిన్ రెచ్చిపోయి తిరుగుతుంది. తిరిగినంతా తాగుతుంది కూడా. పైకి జరపడానికి ఆకురాయి పెట్టి కొయ్యాలి. కోసింది మళ్లీ అతకదు. సెవేరో ఇరవయ్యేళ్ల వయసులో తన మొట్టమొదటి ఇంజిన్‌ని ఉత్సాహం ఆపుకోలేక కోసి పాడు చేసుకున్నాడు. కాల్చుకున్న చెయ్యి కదా, ఆ తర్వాత ముప్పైఏడేళ్లూ ఆకురాయిని ఆచితూచి వాడాడు.

ఆయన ఆడే పందెం జతగా ఆడేది. బయలులో ఒక వలయం గీస్తారు. మధ్యలో ముగ్గురు పైలట్లు భుజాలు రాసుకుంటూ గిరగిరా తిరుగుతుంటారు. ఒక్కొక్కడి చేతిలో రెండు సన్నటి ఉక్కు తీగలు, ఆ తీగల చివర ఒక మోడల్. నూరు చుట్లు ఎవరు ముందు తిరిగితే వాళ్లదే గెలుపు. ట్యాంకులో పట్టేది రెండు చెంచాల ఇంధనం, దాంతో నూరు చుట్లు తిరగడం ఎవరి తరమూ కాదు. అందుకని మధ్యలో దింపాలి. వలయం అంచున మోకాళ్ల మీద కూర్చున్న మెకానిక్ ఉరుకుతున్న మోడల్‌ని ఒడిసి పట్టి, ట్యాంకు నింపి, చూపుడువేలితో ఫ్యాన్ తట్టి మళ్లీ వదలాలి. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోవాలి. ట్యాంకుకి ముప్పైనాలుగు చుట్లు వచ్చాయంటే రెండుసార్లు దింపితే చాలు. ముప్పైమూడుకు తగ్గిందో, మూడోసారీ దిగాలి, పందెం గంగలో కలిసినట్టే.

సెవేరో మెకానిక్. పైలట్ ఆయన బావమరిది జొవీతా. ఒలీవాను పెళ్లి చేసుకున్న ఏడాదే ఆమె తమ్ముణ్ణి వలయంలోకి లాగాడు. "కట్నంగా పైలట్‌ని తెచ్చుకున్నాడు" అని పెళ్లిలో మొదలైన వేళాకోళం పద్దెనిమిదేళ్లయినా ఆగలేదు. జొవీతా పొడుగ్గా, సన్నగా, నోటి దురుసుగా ఉండేవాడు. చెంచాలూ ఫోర్కులూ పోతపోసే చోట పని. గాలిలో మోడల్‌ని నడపడంలో ఆ చుట్టుపక్కల వాడికి సాటి లేడు. నేల మీద సెవేరో చేతివేగానికీ సాటి లేదు. ఇంత ఉండీ ప్రతి ఏడూ నాలుగో స్థానం. ఫైనల్లోకి వెళ్లేది మూడు జతలే. పద్దెనిమిదేళ్లు ఆడిన జత ఫైనల్ గడప తొక్కలేదంటే ఎవరికైనా మండుతుంది.

ఆదివారం మధ్యాహ్నం ఒలీవా ఇంట్లో సీకుకి గుచ్చిన మాంసం ముక్కలు నిప్పుల మీద పొద్దుటినుంచీ తిరుగుతుంటాయి, పొయ్యి మీద పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, ఉడుకుతుంటుంది. బల్ల దగ్గర ఎప్పుడూ ఒకటే రామాయణం.

"బావా, వాళ్లకన్నా మనం చుట్టుకి ఎంత వెనకబడుతున్నామో తెలుసా? కొంచెం కొయ్యి. పైలట్‌ని నేను చెప్తున్నాను" అనేవాడు జొవీతా.

"ట్యాంకుకి ముప్పైఆరు చుట్లు ఇస్తున్నాను. ఇంకెవడిస్తాడు?"

"ముప్పైఆరు ఎందుకు మనకి? ముప్పైనాలుగు చాలుగా! ఆ రెండు చుట్లూ పెట్టెలో పెట్టి దాచుకుంటావా, కూతురి పెళ్లికిస్తావా?"

"గాలి ఎదురైతే? తీగలు చిక్కుకుంటే? చేతిలో రెండు చుట్లు మిగులుండాలి."

"ఆ మిగులుతోనే నాలుగో స్థానంలో కూర్చుంటున్నాం."

ఒలీవా పొలెంతా గిన్నె రెండు చేతులా ఎత్తి బల్ల మీద దభీమని దించేది. "మీ ఇద్దరి నోళ్లలో ఇది కుక్కుతాను, అప్పుడు గానీ నా ఇల్లు నిమ్మళించదు" అనేది. ఇద్దరూ నోరు మూసుకుని తినేవాళ్లు. మళ్లీ ఆదివారం మళ్లీ ఇదే.

పందొమ్మిదివందల ఎనభైఏడు వసంతంలో ఈ పాట ఆగిపోయింది. జొవీతా కిటికీ మాటే ఎత్తడం మానేశాడు. సెవేరోకి మొదట హాయిగానే అనిపించింది. రెండు ఆదివారాలు గడిచాక అనుమానమొచ్చింది. సంగతి ఒలీవా చెప్పింది, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా.

"బొలోన్యాలో ఫియోరెంజో అని ఒక కుర్ర మెకానిక్ ఉన్నాడటగా. వాడి పైలట్‌కి వెన్ను పట్టేసిందట. మా వాణ్ణి తనతో ఆడమని అడుగుతున్నాడు."

"వీడేమన్నాడు?"

"క్రెమోనా పందెం అవనీ, ఆ తర్వాత చెప్తానన్నాడట. వాడికీ నలభయ్యారొచ్చాయి కదయ్యా. మోకాళ్లు ఇంకెన్నాళ్లు ఆగుతాయి? ఒక్క ఫైనల్ ఆడి మానేస్తానంటున్నాడు. నీతో కుదిరితే నీతో, లేకపోతే వాడితో."

సెవేరో తువ్వాలు తీసి ఆరిన పళ్లేన్నే మళ్లీ తుడిచాడు. బావమరిది ఇంకొకడి మోడల్ తీగలు పట్టుకుని తిరుగుతుంటే తను అంచున కూర్చుని ఎవరికోసం ఎదురుచూడాలో ఆయనకు ఊహకందలేదు. వేరే పైలట్‌ని వెతుక్కోవచ్చు, దొరుకుతాడు కూడా. కానీ పద్దెనిమిదేళ్లుగా ఆయన లెక్కపెట్టిన ప్రతి చుట్టు చివరా జొవీతాయే ఉన్నాడు. వాడు పోతాడని భయమేసింది. ఆ భయం వాడితో చెప్పుకోవడానికి మాత్రం మొహం చెల్లలేదు. మా లోయ మగవాళ్లకి దేవుడు చేతులిచ్చినంత ఉదారంగా నోరివ్వలేదు.

ఆ శనివారం ఆయన గ్యారేజీ తలుపు దగ్గరికేసుకుని, పందెం ఇంజిన్ విప్పాడు. పిస్టన్‌ని ఆడించే క్రాంకు ఇరుసు కొసకి డిగ్రీల చక్రం బిగించాడు. కిటికీలో సిగరెట్ కాగితం ముక్క దూర్చి, పిస్టన్ దాన్ని కరిచి పట్టేదాకా మెల్లగా తిప్పి, చక్రం మీద అంకె చూశాడు. రెండోసారీ అదే అంకె, మూడోసారీ అదే. తర్వాత లైనర్ బయటికి లాగి, పొగ కిటికీ పై అంచు మీద నీలిరంగు పూసి, సూదితో గీత గీశాడు. గీతకీ అంచుకీ మధ్య మిల్లీమీటరులో రెండు పదోవంతులు. ట్యాంకుకి రెండు చుట్లు తగ్గుతాయి, ముప్పైనాలుగు మిగులుతాయి. జొవీతా ఇన్నాళ్లూ అడిగింది సరిగ్గా అంతే. ఆకురాయి చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మనసు వెనకా ముందూ ఆడింది. ఆ తర్వాత కోశాడు. నాలుగు రుద్దులు, ఒక చూపు, మళ్లీ నాలుగు రుద్దులు. గీత దగ్గర ఆగి, లోపలి అంచు గుండ్రంగా చేసి, ఈథర్‌తో కడిగి బిగించేశాడు.

వాళ్లకొక కట్టుబాటుంది. పందేనికి ముందు ఒకసారి మూసిన ఇంజిన్‌ని సీజన్ అయ్యేదాకా ఎవరూ తెరవకూడదు. ఇంజిన్ మరల తలల మీద సెవేరో, ఒలీవా వాడే ఎర్రటి గోళ్లరంగు ఒక్కో బొట్టు పెట్టేవాడు. అది చెక్కు చెదరలేదంటే సెవేరో కొలిచిందే కొలత, దాని మీద ఇంకెవరూ చక్రం పెట్టి చూసేది లేదు. ఆ సాయంత్రం కూడా అద్దం ముందున్న సీసా తీసుకొచ్చి బొట్లు పెట్టాడు. జొవీతాకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? పద్దెనిమిదేళ్లు కాదన్న మనిషి ఇవాళ కోశానంటే, బొలోన్యా వాడికి భయపడి కోశాడంటారు. నిజమే కనక మరీ చెప్పలేదు. గాలిలోకి లేచాక వాడికే తెలుస్తుందిలే అనుకున్నాడు.

మోడల్ పైలట్ ఇంట్లో ఉంటుంది, ఇంజిన్ మెకానిక్ ఇంట్లో ఉంటుంది. పందేనికి వారం ముందు ఇంజిన్ మోడల్‌కెక్కించి, తీగలు కట్టి సరిచూసుకోమని జొవీతాకి అప్పగించాడు సెవేరో. మామూలుగా అయితే ఆ వారం రెండు సాయంత్రాలు ఎగరేసి చూస్తారు. ఆ మే నెలంతా ఆగకుండా వాన. పైగా ఎగరేద్దామని ఇద్దరిలో ఒక్కడూ పట్టుబట్టలేదు. "బయలంతా బురదగా ఉంది బావా, ఇంజిన్ నాకు తెలిసిందేగా" అన్నాడు జొవీతా. "అవును, ఎందుకులే" అన్నాడు సెవేరో. ఎప్పుడూ లేంది ఇంత సులువుగా ఒప్పుకున్నాడేంటి అని ఇద్దరికీ అనిపించి ఉండాల్సింది. దాచుకున్న గుట్టు ఉన్నవాడికి ఎదుటివాడి తీరు కనపడదు.

క్రెమోనాలో ఆదివారం పొద్దున ఎండ కాసింది. పో నది వైపు పోప్లార్ చెట్ల పక్క బయలు, ఈథర్ వాసన, పాత ఫియట్ కార్ల వెనక తలుపులు తెరిచి పనిముట్లు పరుచుకున్న జతలు. ఒలీవా ఎప్పట్లాగే మడత కుర్చీ, రొట్టె, సాసేజీలు తెచ్చింది. ఒక్కో జతకి రెండు పందేలు, రెండిట్లో మంచి సమయం లెక్కలోకొస్తుంది. ఇంజిన్ వేడి చేస్తుంటే, లోపలి గాలిని నొక్కే కంప్రెషన్ మర ఎప్పటికన్నా పావు చుట్టు ఎక్కువ బిగించాల్సొచ్చింది. సెవేరో కనుబొమలు ముడిపడ్డాయి. నా కోత వల్లేమో అనుకుని ఊరుకున్నాడు. మధ్యలో నిలబడి చూస్తున్న జొవీతా కూడా ఏదో అనుకుని ఊరుకున్నాడు.

జెండా దిగింది. సెవేరో వేలు తగిలింది, మోడల్ దూసుకుపోయింది. ఆ అరుపు ఆయన ఇంజిన్ది కాదనిపించింది. ఇంత పదునుగా అది ఎన్నడూ అరవలేదు. పదో చుట్టుకే పక్క జతని దాటేశారు, ఇరవైకి రెండోదాన్ని. కంచె అవతల జనం లేచి నిలబడ్డారు. సెవేరో ఒళ్లు పులకరించింది. రెండు పదోవంతులకే ఇంత వేగమా, ఇన్నేళ్లూ ఎంత మూర్ఖంగా కూర్చున్నాను అని తనను తానే తిట్టుకున్నాడు. మధ్యలో జొవీతా పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ తిరుగుతున్నాడు. వాడి నవ్వు చూసి, తెలిసిపోయిందన్నమాట అనుకున్నాడు సెవేరో.

ముప్పైమూడో చుట్టుకి దింపమని చెయ్యెత్తుదామని చూస్తున్నాడు. ముప్పైరెండో చుట్టులోనే అరుపు తెగిపోయింది. మోడల్ ఎండిన ట్యాంకుతో వలయం అవతలి వైపు దిగి గడ్డిలో ఆగింది. సెవేరో వంగి వలయం చుట్టూ పరిగెత్తాడు. యాభైఏడేళ్ల మనిషి పరుగు చూసి కంచె దగ్గర ఎవడో ఈల వేశాడు కూడా. పట్టుకుని నింపి వేలితో తట్టాడు. అంటుకోలేదు. ఒక్క తట్టుకి లేచే ఇంజిన్, రెండు, మూడు, నాలుగు తట్లకీ మూలుగుతోంది గానీ లేవదు. వేలి తోలు ఊడింది. అయిదో తట్టుకి లేచింది. తర్వాత దింపినప్పుడూ అదే వరస. మూడుసార్లు దిగాల్సొచ్చింది. అందరికన్నా వేగంగా ఎగిరి అందరికన్నా చివర వచ్చారు.

జొవీతా తీగల పిడి నేలకేసి కొట్టి బయటికొచ్చాడు. "అంతే బావా. మనకి రాసిపెట్టి లేదు" అన్నాడు. "కాఫీ తాగొస్తాను" అని కార్ల వరస వెంట వెళ్లిపోయాడు. సెవేరో వేలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. వాడికి చెప్పకుండా కోసి వాడి పందెం పాడు చేశాను, ఇక వాడు నాతో ఉండడు అనుకున్నాడు.  ఒలీవా రొట్టె ముక్క చేతికిచ్చినా నోట్లో పెట్టుకోలేదు.

జొవీతా తిరిగొచ్చేసరికి సెవేరో మోడల్‌ని ఒళ్లో పెట్టుకుని, మరల మీద గోళ్లరంగు గీకేస్తున్నాడు.

"తెరుస్తున్నావా? సీజన్ మధ్యలోనా?" అన్నాడు జొవీతా. గొంతులో కంగారు.

"తెరవకపోతే ఏమైందో ఎలా తెలుస్తుంది?"

"వద్దు బావా. వదిలెయ్."

"నువ్వు కూర్చో."

ఇంజిన్ తల విప్పి లైనర్ పైకి లాగాడు. దాని అడుగున అంటుకుని ఉన్న సన్నటి వెండిరంగు రింగు ఒకటి ఊడి ఆయన తొడ మీద పడింది. పక్కనే ఇంకోటి పడింది. శీతల పానీయం డబ్బా రేకుని కత్తెరతో గుండ్రంగా కోసి పెట్టినవి. రేకు వెనక సగం నారింజ పండు బొమ్మ ఉంది. సెవేరో దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని బావమరిది మొహంలోకి చూశాడు.

"నేనే పెట్టాను" అన్నాడు జొవీతా. "మొన్న బుధవారం. కొయ్యమంటే కొయ్యవు. రింగులేస్తే లైనర్ పైకి లేస్తుంది, లైనర్‌తో పాటు కిటికీ లేస్తుంది, అంతేగా. రెండు పదోవంతులు. రెండు చుట్లు పోయినా ముప్పైనాలుగు ఉంటాయని లెక్క చూసుకునే వేశాను. అరిస్తే అరుచుకో."

సెవేరో అరవలేదు. లైనర్‌ని ఎండకెత్తి పట్టి చూపించాడు. కిటికీ పై అంచున కొత్త లోహం తళతళలాడుతోంది. జొవీతా దగ్గరికి జరిగి, కళ్లు చికిలించి చూసి, నోరు తెరిచాడు.

"కోశావా?"

"కోశాను."

"నువ్వా? సెవేరో పింతొస్సివి నువ్వే కోశావా?"

"రెండు పదోవంతులు."

మిగులున్నవి రెండే చుట్లు. ఆ రెండిటినీ ఒకడికి తెలియకుండా ఒకడు ఇద్దరూ ఖర్చు పెట్టేశారు. పైగా రింగుల వల్ల లైనర్ లేచి, దాని పైకొస దగ్గర సన్నబడే చోటి బిగువు పిస్టన్‌కి అందకుండా పోయింది. వేడెక్కిన ఇంజిన్ తట్టినా లేవకపోవడం అందుకే. జొవీతాకి ఇదంతా బుర్రలోకెక్కి, పొట్ట పట్టుకుని గడ్డిలో కూలబడి నవ్వాడు. పక్క జతలవాళ్లు తలలు తిప్పి చూశారు.

"నా గోళ్లరంగు సీసా ఒక్క వారంలో సగమెందుకైందో ఇప్పుడు తెలిసింది" అంది ఒలీవా. "బుధవారం వీడొచ్చి అడిగాడు. మీరిద్దరూ మాట్లాడుకునే చేస్తున్నారనుకున్నాను. నన్నొక్క మాట అడిగితే చెప్పనా? మూగ గాడిదలు! ఒకడు కాదు, ఇద్దరూ!"

"రింగులెందుకు వేశావురా?" అన్నాడు సెవేరో. "ఎప్పుడూ కొయ్యి కొయ్యి అనేవాడివి. చేతికి దొరికినప్పుడు కొయ్యకపోయావా?"

జొవీతా కళ్లు తుడుచుకున్నాడు. "నీ లైనర్ కదా బావా. కోస్తే పోతుంది. రింగయితే నీకు నచ్చనప్పుడు తీసి పారేసుకుంటావని" అన్నాడు. "మరి నువ్వెందుకు కోశావు?"

"నువ్వడిగావుగా" అన్నాడు సెవేరో.

జొవీతా నవ్వు ఆగిపోయింది. తల తిప్పి కార్ల వరస చివరకి, బొలోన్యా వాళ్ల డేరా వైపు ఒకసారి చూసి, చేతిలోకి గడ్డిపరక తీసుకుని తుంపసాగాడు. కోసినందుకు వీడి మనసు కరిగిందని సెవేరో అర్థం చేసుకున్నాడు. ఆయన ఒళ్లు తేలికపడింది. రింగులు రెండూ జేబులో వేసుకుని లైనర్ బిగించాడు. ఈసారి గోళ్లరంగు లేదు, ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం రెండో పందెంలో ఆ ఇంజిన్ ముప్పైనాలుగు చుట్లు ఇచ్చింది, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. ఒక్క తట్టుకి లేచింది, రెండుసార్లే దిగింది. వాళ్లిద్దరి జీవితంలోకెల్లా మంచి సమయం. బోర్డు మీద మూడో పేరు వాళ్లది. సాయంత్రం ఫైనల్. రెండింతల చుట్లు, రెండింతల తిప్పలు. జొవీతా మోకాళ్లు తీపులు పెట్టినా వంగి వంగి తిరిగాడు. సెవేరో తోలు ఊడిన వేలితోనే తట్టాడు. మొదటి స్థానం కొద్దిలో తప్పిపోయి రెండో స్థానం వచ్చింది. ఒలీవా కంచె దాటుకుని పరిగెత్తుకొచ్చి మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఇద్దర్నీ రెండు చేతులతో చెంపలు వాయించినట్టే ముద్దులు పెట్టుకుంది. ఫియోరెంజో కూడా వచ్చాడు. నెమ్మదైన కుర్రాడు. సెవేరో చెయ్యి పట్టుకుని, "ఇంత శుభ్రమైన దింపుడు నేను చూడలేదండీ" అని, జొవీతా వైపు తలూపి వెళ్లిపోయాడు.

సామాను కారులోకెక్కిస్తున్నారు. బావ, బావమరిది ఇద్దరూ పక్కపక్కన పనిముట్లు సర్దుతూ ఉన్నారు గానీ ఒక్కడూ నోరు విప్పడం లేదు. ఒలీవా చూసీ చూసీ మొగుడి మోచెయ్యి పట్టుకుని లాగింది.

"అడుగు."

"ఏమిటి?"

"ఉండమని అడుగు. పొద్దున అడక్కుండానే కదా ఇద్దరూ మునిగారు. మళ్లీనా? నోరు తెరిచి అడిగితే ముత్యాలేం రాలిపోవు."

సెవేరో పెట్టె మూత వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. ఆయన తన జీవితంలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాడు. ఒలీవాని పెళ్లికి అడిగింది కూడా ఆయన కాదు, ఆయన తల్లే అడిగింది.

"జొవీతా. వెళ్లకురా" అన్నాడు. "నువ్వు పోతావని భయపడే కోశాను. నువ్వు లేకుండా నేను ఆడలేను. నాతోనే ఉండు."

జొవీతా చేతిలో తీగల చుట్ట పట్టుకుని నిలబడిపోయాడు. బావ నోట ఇన్ని మాటలు ఒక్కసారి రావడం వాడెప్పుడూ వినలేదు.

"చెయ్యి కలిపేశాను బావా."

"ఎప్పుడు?"

"పొద్దున. మొదటి పందెం ఓడాక కాఫీకని వెళ్లానే, అప్పుడు. కోపంలో నేరుగా వాడి డేరాలోకెళ్లి వస్తున్నానని చెప్పేశాను. తిరిగొచ్చేసరికి నువ్వు తెరుస్తున్నావు."

 సెవేరో మనసులో లెక్క వేసుకున్నాడు. తనింకాస్త ముందు ఇంజిన్ తెరిచి ఉంటే. వీడింకాస్త మెల్లగా నడిచి ఉంటే. ఆ ముందు వారం ఏ రోజైనా, ఇద్దరిలో ఎవడైనా, కోశానని గానీ వేశానని గానీ ఒక్క మాట అని ఉంటే.

"ఇప్పుడెళ్లి రానని చెప్పరా" అంది ఒలీవా. 

"వద్దు" అన్నాడు సెవేరో. "చెయ్యి కలిపాక కలిపినట్టే. ఆ కుర్రాడు ఇంకో పైలట్‌ని ఎక్కడ తెచ్చుకుంటాడు?" ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో ఒలీవాకి తెలుసు, జొవీతాకీ తెలుసు. దారి పొడుగునా ముగ్గురూ ఆ రెండో స్థానం కప్పుని ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి మార్చుకుంటూ ఏడుపు మొహాలతోనే ఇల్లు చేరారు.

మరుసటేడు సెవేరో వలయం అంచున కూర్చోలేదు. పైలట్లు అడిగారు, కాదన్నాడు. జొవీతా ఆదివారాలు మానలేదు, తినేచోట తిట్లు మాత్రం తగ్గాయి. నవంబరులో ఒక శనివారం జొవీతాయే, ఫియోరెంజో ఇంజిన్‌ని రుమాలులో చుట్టుకుని గ్యారేజీకొచ్చాడు. బావ కోత ఆ కుర్రాడు చూశాడట, దీన్నీ అలాగే చేయించుకు రమ్మన్నాడట. సెవేరో దాన్ని విప్పకముందే అడిగాడు.

"ఎవరైనా తెరిచారా?"

"లేదు."

"నువ్వు?"

"లేదు బావా. ఒట్టు. రింగులు గింగులు ఏమీ లేవు."

"ఎంత కావాలి?"

"ఒక్క పదోవంతు. వాడి ట్యాంకుకి ముప్పైఆరు వస్తున్నాయి. ఒక్క చుట్టు మిగుల్చుకుందాం అనుకున్నాం. నువ్వేమంటావు?"

పద్దెనిమిదేళ్లు జతగా ఆడిన మనుషులు. వాళ్లలో ఒకడు ఇంకొకణ్ణి ఎంత కావాలి, నువ్వేమంటావు అని అడగడం అదే మొదటిసారి. సెవేరో నీలిరంగు పూసి, గీత గీసి, లైనర్‌ని బావమరిది చేతికిచ్చి చూడమన్నాడు. జొవీతా దీపం కింద పెట్టి చూసి సరే అన్నాడు. అప్పుడు ఆకురాయి తీసుకుని, వేరేవాడి ఇంజిన్‌ని, గీతదాకా కోశాడు.